ముందు సైకిలు, తర్వాతే కారవాన్

కారవాన్ ప్రయాణాల గురించి రాసేవాళ్లు ఎలక్ట్రిక్ సైకిలుకు సాధారణంగా ఆఖరి పేజీ ఇస్తారు. మొదట బండి, అందులో పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, కప్పు మీద సోలార్ ప్యానెళ్లు. అన్నీ అయ్యాక డబ్బూ చోటూ మిగిలితే వెనక ఒక స్టాండు బిగించి రెండు ఈ-సైకిళ్లు తగిలించుకోమంటారు. అమెరికాలోనూ యూరప్‌లోనూ పుట్టిన వరస ఇది. అక్కడ చాలామందికి బండి నిలపడానికి ఇంటి పక్కనే జాగా ఉంటుంది, వెళ్లిన చోటల్లా కారవాన్ పార్కులుంటాయి. సైకిలు అదనపు సరదా. మన నగరాల్లో అద్దె ఇళ్లలో ఉంటూ ఇలాంటి ప్రయాణం మీద మనసు పడేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ వరస తిరగబడాలి. సొంతంగా కొనదగ్గది సైకిలు. కారవాన్ నాలుగు రోజుల అవసరానికి అద్దెకు తెచ్చుకోదగ్గది. దాన్ని ఎంచుకునేటప్పుడు కూడా ముందు చూడాల్సింది మన సైకిలు అందులో పడుతుందా, దిగిన చోట తొక్కడానికి వీలుంటుందా అన్నదే. ఈ మాట నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి దక్షిణ ఢిల్లీలోని మునిర్కా కంటే గట్టి పరీక్ష దొరకదు.

మునిర్కా ఒకప్పుడు పొలాల మధ్య ఉన్న జాట్ల ఊరు. టోకస్‌లు అక్కడి పాతకాపులు. పొలాలు నగరంలో కలిసిపోయాయి, ఊరు మాత్రం తన పాత హద్దుల్లోనే ఉండిపోయింది. ఒక పక్క ఔటర్ రింగ్ రోడ్డు, ఇంకో పక్క జేఎన్‌యూ, కాస్త దూరంలో ఐఐటీ, వసంత్ విహార్. 2018 మే 29న మెజెంటా లైన్లో జనక్‌పురి వెస్ట్, కాల్కాజీ మందిర్ మధ్య రైళ్లు మొదలవడంతో మునిర్కా పేరుతో మెట్రో స్టేషనూ వచ్చింది. చుట్టూ ఇంత నగరం పెరిగినా లోపలి గల్లీలు అంగుళం వెడల్పు కాలేదు. నాలుగైదు అంతస్తుల ఇళ్లు పైకి పోయేకొద్దీ ముందుకు జరిగి ఎదుటి బాల్కనీని ముట్టుకునేంత దగ్గరవుతాయి. నడుమ కరెంటు తీగల చిక్కు, కింద మొబైల్ రీఛార్జి కొట్టు, మోమోల బండి, పీజీ బోర్డులు. ఎదురెదురుగా రెండు స్కూటర్లు వస్తే ఒకటి ఎవరి గడపకో ఆనుకుని ఆగాలి. పరిశోధన విద్యార్థులు, సివిల్స్‌కు చదివేవాళ్లు, ఈశాన్య రాష్ట్రాలవాళ్లు, మలయాళీలు, వాళ్ల మధ్య మన తెలుగువాళ్లు ఈ ఇళ్లలో ఒంటిగది పోర్షన్లలో సర్దుకుంటారు. మన దేశంలో కారవాన్లుగా మార్చేవాటిలో చాలా భాగం టెంపో ట్రావెలర్ లాంటి వ్యాన్లు. పొడవు ఆరేడు మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లకు అటూఇటూ. అలాంటి బండి రింగ్ రోడ్డు మీంచి ఈ గల్లీలోకి ముక్కు కూడా తిప్పలేదు. ఎక్కడో గురుగ్రామ్‌లోనో ఫరీదాబాద్‌లోనో నెలకింతని జాగా అద్దెకు తీసుకుని నిలిపితే, సొంత బండి దగ్గరికి వెళ్లడమే ఒక ప్రయాణం అవుతుంది.

జాగా ఒక్కటే అయితే డబ్బున్నవాళ్లు దారి వెతుక్కుంటారు. ఢిల్లీలో అంతకంటే పెద్ద చిక్కు బండి వయసు. పదేళ్లు దాటిన డీజిలు వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో అదే కోర్టు పాత బండ్ల యజమానులపై కఠిన చర్యలు వద్దని చెప్పినా, ఈ వ్యవహారం ఎప్పుడెలా మలుపు తిరుగుతుందో నమ్మి లక్షలు పెట్టే స్థితి లేదు. చలికాలంలో గాలి చెడినప్పుడల్లా వచ్చే గ్రాప్ (అంచెలవారీ కాలుష్య నియంత్రణ) ఆంక్షలు సరేసరి. కారవాన్‌లో ఖర్చంతా లోపలి చెక్కపనికీ, పైపులకూ, వైరింగుకూ అవుతుంది. ఏడాదికి ఓ ఇరవై రోజులు తిరిగే బండి మీద ఆ ఖర్చు గిట్టుబాటు కావాలంటే అది పదేళ్ల కంటే చాలా ఎక్కువ కాలం నడవాలి. పైగా వ్యాన్ కొని మనకు తోచినట్టు మార్చుకుందామంటే, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే మళ్లీ గట్టిగా చెప్పింది. ఇన్ని మెలికలు దాటి ఢిల్లీలో సొంత కారవాన్ ఉంచుకునేవాళ్లు ఉండొచ్చు. మునిర్కా అద్దెదారు ఆ జాబితాలో ఉండడు.

సైకిలు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగంతో ఉన్న బ్యాటరీ బండిని కేంద్ర మోటారు వాహన నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2022లో ఈ-సైకిళ్లనూ తన ఎలక్ట్రిక్ వాహన విధానంలోకి తెచ్చి మొదటి పదివేల సైకిళ్లకు ధరలో నాలుగో వంతు, గరిష్ఠంగా ₹5,500, అందులో మొదటి వెయ్యికి ఇంకో ₹2,000 రాయితీ ప్రకటించింది. ఆ రాయితీ ఉన్నా లేకపోయినా, పాతిక వేలకు అటూఇటూగా మొదలయ్యే సైకిలు మునిర్కాలో ఉండేవాడికి ఏడాది పొడవునా పనికొస్తుంది. జేఎన్‌యూ లోపల ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు, ఐఐటీకి, కూరగాయలకు, ఆర్.కె.పురం మలై మందిర్‌కు, అన్నీ మూడు నాలుగు కిలోమీటర్ల మాటే. కింద మెట్ల గూట్లో గొలుసు వేసి కట్టేసి, బ్యాటరీ ఊడదీసి చంకన పెట్టుకుని మూడో అంతస్తుకు పట్టుకెళ్లడం ఆ గల్లీల్లో వింతేమీ కాదు. కారవాన్‌లో వాడే సైకిలుకూ సరిగ్గా ఇవే కావాలి: బరువు తక్కువ, మడిచే వీలు, ఊడివచ్చే బ్యాటరీ. ఇరుకు ఇంటికి కుదిరిన సైకిలు ఇరుకు బండికీ కుదురుతుంది. అందుకే సైకిలును ఇంటి కోసం కొని కారవాన్‌లోకి ఎక్కించడం తెలివైన పని. కారవాన్ కోసమే కొని ఏడాదిలో మూడొందల రోజులు మూలన పడేయడం దండగ.

ఎక్కించి ఏం చేయాలి? కారవాన్ పుట్టు లోపం ఒకటుంది. అది మనల్ని ఊరి దాకా తెస్తుంది, ఊళ్లోకి తీసుకెళ్లదు. మునిర్కా గల్లీలో ఎందుకు పట్టదో, పుష్కర్ బజారులోనూ జైసల్మేర్ కోటలోనూ అందుకే పట్టదు. కొన్నిచోట్ల చట్టమే అడ్డుపడుతుంది. తాజ్‌మహల్‌కు 500 మీటర్ల లోపు పెట్రోలు, డీజిలు బండ్లను రానివ్వరు. బయట నిలిపి బ్యాటరీ బండ్లో, రిక్షాలో, కాళ్లో చూసుకోవాలి. ఢిల్లీ నుంచి అదే దారిలో వెళ్లగలిగిన భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కు ఇంకా మంచి ఉదాహరణ. 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ 29 చదరపు కిలోమీటర్ల పక్షుల అడవిని చూడాల్సింది సైకిలు మీదో రిక్షాలోనో. గేటు దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు కూడా. మోటారున్న సైకిలును లోపలికి వదులుతారా అన్నది గేటు దగ్గరే అడగాలి. కానీ పార్కు నుంచి బస చేసిన చోటికీ, పట్నంలోని లోహాగఢ్ కోటకూ తిరగడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. అమెరికాలో జాయన్ జాతీయ పార్కు ఇదే సూత్రాన్ని పెద్ద ఎత్తున అమలు చేసింది. 2000 నుంచి అక్కడ షటిల్ బస్సులు నడిచే కాలంలో లోయ రోడ్డులోకి సొంత కార్లను రానివ్వరు. సైకిళ్లను, తొక్కితేనే మోటారు సాయం చేసే ఈ-సైకిళ్లను రానిస్తారు. ఆర్‌వీని, అంటే అక్కడి కారవాన్‌ను, క్యాంపు స్థలంలో వదిలేసి సుమారు పది కిలోమీటర్ల ఆ లోయను సైకిలు మీద చూసిరావడం అక్కడ మామూలే. పెద్ద బండిని బయట ఆపేయడం నేర్చిన చోట సైకిలుకు విలువ వస్తుంది. మన పర్యాటక స్థలాలు ఆ పాఠం ఇష్టంగా నేర్చుకోకపోయినా రద్దీ నేర్పిస్తోంది.

కరెంటు లెక్క చూస్తే అనుమానాలు చాలావరకు తీరుతాయి. మామూలు ఈ-సైకిలు బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు. అంటే 360 వాట్-అవర్లు. కాస్త తొక్కుతూ పోతే కిలోమీటరుకు పది పన్నెండు వాట్-అవర్లు చాలు కాబట్టి ముప్పై కిలోమీటర్లు వస్తుంది. కారవాన్ ఇంటి అవసరాలకు 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే ఉంటే అందులో ఉండేది 1,200 వాట్-అవర్లు, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం. ఇన్వర్టరూ ఛార్జరూ తినేది కలుపుకుంటే సైకిలు ఒక్కసారి నిండటానికే ఆ సగంలో మూడొంతులు పోతుంది. రాత్రి ఫ్యానుకు పెద్దగా ఏమీ మిగలదు. లిథియం బ్యాటరీ, 200 వాట్ల ప్యానెలు ఉంటే మంచి ఎండ కాసే రాజస్థాన్‌లో ఒక పూటలోనే ఆ లోటు తీరుతుంది. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు వెయ్యి వాట్-అవర్లు మింగుతుందన్నది గుర్తుంచుకుంటే సైకిలు మీద జాలి కలుగుతుంది: ఏసీ ఇరవై నిమిషాలు నడిచే కరెంటుతో అది ముప్పై కిలోమీటర్లు తిరిగి వస్తుంది. అద్దె కారవాన్ తీసుకునేటప్పుడు టీవీ ఎన్ని అంగుళాలని అడిగే బదులు ఇంటి బ్యాటరీ ఏ రకం, ఎంత అని అడగాలి.

డబ్బు సంగతికొస్తే, ఆదా పేరుతో సైకిలును సమర్థించేవాళ్లతో నేను ఏకీభవించను. లీటరుకు పది కిలోమీటర్లిచ్చే వ్యాన్‌ను ఐదు కిలోమీటర్ల పనికి తీస్తే అరలీటరు డీజిలు, నలభై అయిదు రూపాయల లోపు. సైకిలుకు అదే దూరానికి రూపాయి కూడా కాదు. నిజమే, కానీ నలభై వేల సైకిలు ఈ ఆదాతో తిరిగి రావాలంటే దాదాపు తొమ్మిది వందల సార్లు అలా వెళ్లిరావాలి. సెలవుల్లో మాత్రమే కారవాన్ ఎక్కేవాళ్లకు జీవితకాలం చాలదు. రుషికేశ్‌లోనో మనాలీలోనో అద్దె స్కూటీ దొరుకుతుంది, ఏ ఊళ్లోనైనా ఆటో ఉంటుంది, ఈ-రిక్షా ఉంటుంది. మరి సైకిలెందుకన్న ప్రశ్న సబబైనదే. నా జవాబు రెండు భాగాలు. ఇంట్లో రోజూ వాడే సైకిలు ఖర్చు ఇంట్లోనే తీరిపోతుంది, ప్రయాణంలో దాని ధర సున్నా కింద లెక్క. ముందు సైకిలు అని చెప్పడంలో ఉన్న లాభమే ఇది. రెండోది, మన కారవాన్లు రాత్రి ఆగేది ఎక్కువగా పట్నాల్లో కాదు. కారవాన్ పార్కులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న దేశంలో ధాబా పక్కన, పెట్రోలు బంకులో, ఊరి చివర హోమ్‌స్టే ఆవరణలో ఆపుతాం. ఆటో దొరకనిది సరిగ్గా అక్కడే. పాలపాకెట్ కోసం వ్యాన్ తీయాలంటే పడకలు మడవాలి, గిన్నెలు సర్దాలి, గ్యాస్ కట్టాలి, దొరక్క దొరికిన నీడను వదులుకోవాలి. నడిబొడ్డున హోటల్లో దిగే యాత్ర అయితే సైకిలు ఇంట్లోనే ఉంచొచ్చు, మాటొచ్చింది కాబట్టి, కారవాన్‌ను కూడా.

మంటల భయాన్ని ఇంత తేలిగ్గా దాటలేం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. అదే ఏడు సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జీని కమ్మేసి ఎనిమిది మందిని బలి తీసుకుంది. తెలుగు పాఠకులకు ఈ విషయం గణాంకం కాదు, పత్రికల మొదటి పేజీల్లో చూసిన ఫొటోలు. స్కూటర్ బ్యాటరీతో పోలిస్తే సైకిలుది చాలా చిన్నదని సరిపెట్టుకోవచ్చు, అయితే మూసి ఉన్న వ్యాన్‌లో, పక్కనే గ్యాస్ సిలిండరుతో, చెక్క పలకల మధ్య అది కూడా చాలా పెద్దది. పైగా ఆ ప్రమాదాల తర్వాత బిగించిన బ్యాటరీ ప్రమాణాలు రిజిస్ట్రేషన్ ఉన్న ద్విచక్ర, త్రిచక్ర వాహనాల కోసం రాసినవి. మోటారు వాహనం కాకపోవడం సైకిలుకు వరం అన్నాను. ఇక్కడ అదే శాపం. కాబట్టి మూడు పట్టింపులు తప్పవు. మనుషులు నిద్రపోయే చోట ఛార్జింగ్ వద్దు. పగలు, బయట, నీడలో, కళ్లెదుట పెట్టాలి. కంపెనీ ఛార్జరు తప్ప ఇంకోటి వాడొద్దు. జూన్ ఎండలో ఆపిన వ్యాన్‌లో బ్యాటరీని వదిలెళ్లొద్దు.

కారవాన్‌లో ఈ పట్టింపులు పాటించడం కష్టం కాదు, చుట్టూ ఆరుబయలు ఉంటుంది. మునిర్కాలోనే కష్టం. ఒకటే గది, ఒకటే మెట్లదారి, ఫైరింజన్ దూరలేని గల్లీ, ఒకే సాకెట్‌కు మూడు మల్టీప్లగ్గులు. సైకిలును ఇంటి కోసమే కొనమంటున్న నా వాదనకు అన్నిటికంటే బరువైన అభ్యంతరం కారవాన్ వైపు నుంచి రాదు, ఈ గది వైపు నుంచే వస్తుంది. రాత్రి పడుకునే ముందు ప్లగ్గులో పెట్టి తెల్లారి తీసే అలవాటు మానుకోలేనివాళ్లు సైకిలు కొనకపోవడమే మేలు. డెలివరీ కుర్రాళ్లు నడిపే అద్దె బండ్లకు నగరంలో బ్యాటరీ మార్పిడి కేంద్రాలున్నాయి. ఖాళీ అయినది ఇచ్చి నిండినది తీసుకుపోతారు, ఇంట్లో ఛార్జింగ్ బాధ లేదు. సొంత సైకిలుకూ అలాంటి ఏర్పాటు వచ్చేదాకా క్యాంపస్‌లోనో ఆఫీసులోనో పగటిపూట ఛార్జి చేసుకోగలిగినవాళ్లకే నా సలహా వర్తిస్తుంది. పరిమితి చిన్నదేం కాదు. అయినా అలాంటివాళ్లు జేఎన్‌యూ, ఐఐటీల మధ్య ఉన్న ఈ ఊళ్లో తక్కువేం కాదు.

కొండల గురించి రెండు రకాల అతిశయోక్తులు వినిపిస్తాయి: ఈ-సైకిలు ఏ కొండైనా ఎక్కేస్తుందని, అసలు కొండకే పనికిరాదని. భౌతికశాస్త్రం మధ్యలో నిలబడుతుంది. మనిషీ సైకిలూ కలిపి తొంభై కిలోలనుకుంటే 300 మీటర్లు పైకి లేపడానికి 75 వాట్-అవర్లు కావాలి, మోటారు నష్టాలు కలిపితే నూరు. నిండు బ్యాటరీ ఒక్కటే మోస్తే వెయ్యి మీటర్ల ఎత్తుకు అయిపోతుంది. డెహ్రాడూన్ నుంచి మస్సూరీకి పదమూడు వందల మీటర్లకు పైగా ఎక్కాలి కాబట్టి ఆ పని వ్యాన్‌కే వదలాలి. పైకి చేరాక లండోర్ మలుపుల్లో తిరగడం సైకిలు పని. ఎత్తుకు పోయేకొద్దీ పెట్రోలు ఇంజను గాలి చాలక నీరసిస్తుంది, ఎలక్ట్రిక్ మోటారుకు ఆ బాధ లేదు, తొక్కేవాడి ఊపిరితిత్తులకు ఉంది. స్పితిలాంటి చోట చలే అసలు శత్రువు: సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది.

సైకిలును బండికి ఎలా తగిలించాలన్నది చిన్న విషయంలా కనిపించి చలాను దాకా తెస్తుంది. వెనక స్టాండు నంబరు ప్లేటునూ బ్రేకు లైట్లనూ కప్పేస్తే అది నేరం. అనుమతించిన కొలతలు దాటి సరుకు బయటికి పొడుచుకొస్తే 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్ కింద ఇరవై వేల జరిమానా ఉంది. రెండు ఈ-సైకిళ్లు నలభై యాభై కిలోలు. మన స్పీడ్ బ్రేకర్ల మీద ఆ బరువు వెనకాల వేలాడుతూ ఎగిరితే స్టాండు కొక్కేలు ఎన్నాళ్లుంటాయో ఊహించొచ్చు. మడత సైకిలును లోపల, పడక కింద పెట్టడమే ఉత్తమం. అప్పుడు దొంగల బెంగ కూడా తగ్గుతుంది.

నలుగురున్న కుటుంబానికి రెండు సైకిళ్లు ఎలా సరిపోతాయని, అమ్మమ్మ సైకిలెక్కుతుందా అని అడిగితే, ఎక్కదు. ఆవిడకు ఆటోయే. సైకిలు ఇంటిల్లిపాది బండి కాదు. పొద్దున్నే పాలు తెచ్చేవాడిదీ, ఊరు ముందుగా చూసొచ్చి ఎక్కడ ఆపొచ్చో చెప్పేవాళ్లదీ, వ్యాన్‌లో ఊపిరాడక విసిగిన పదహారేళ్ల అమ్మాయిదీ. లైసెన్సు అక్కర్లేకపోవడం ఆ అమ్మాయికి ఎంత స్వేచ్ఛో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మునిర్కా తెలుగువాళ్లకే ఉన్న చిక్కు. సొంత రాష్ట్రానికి విమానంలో వెళ్లి కారవాన్ ఎక్కుదామంటే తమ సైకిలును తీసుకుపోలేరు. 160 వాట్-అవర్లు మించిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి ఎక్కనివ్వరు, సైకిలు బ్యాటరీ దానికి రెట్టింపు పైనే. కాబట్టి అక్కడ సైకిలు బండితోపాటే అద్దెకు రావాలి. కేరళ 2021లో కెరవాన్ పథకం ప్రకటించి మరుసటి ఏడు వాగమన్‌లో తొలి పార్కు తెరిచింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఇప్పుడు కారవాన్ పర్యాటకాన్ని ఆహ్వానిస్తోంది. ఇలాంటి పథకాల ప్రకటనల్లో మనకు వినిపించేది పడకలు, ఏసీ, బాత్రూములే. అరకునే తీసుకోండి. పద్మాపురం తోటలు, గిరిజన మ్యూజియం, చాపరాయి అన్నీ ఒక ఛార్జింగ్ దూరంలోవి. బొర్రా గుహలు మాత్రం ముప్పై కిలోమీటర్ల పైన, మధ్యలో ఘాట్, అక్కడికి వ్యాన్‌లోనే పోవాలి. లోయలో వ్యాన్‌ను రెండు రోజులు కదపకుండా ఉంచగలిగితే ఇరుకు రోడ్ల మీద ఆదివారం రద్దీ ఆ మేరకు తగ్గుతుంది. దానికి పర్యాటక శాఖ పెట్టాల్సింది పెద్ద ఖర్చేమీ కాదు: ప్రతి అద్దె బండికీ రెండు సైకిళ్లు, బండి నిలిపే చోట వాన తడపని రేకు కింద ఎర్త్ ఉన్న రెండు ప్లగ్గులు, గొలుసు వేసి కట్టడానికి నేలలో పాతిన ఒక ఇనుప కమ్మీ.